చలిదేశంలో కాక్టస్‌కి ‘వారానికో గ్లాసు నీళ్లు’ వద్దండీ

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం అనుబంధంలో, ఇంటి మొక్కల పేజీలో, నిలువుగా స్తంభంలా పెరిగే కాక్టస్‌ల గురించి వేశారు. ఫొటోలు బాగున్నాయి. ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టండి, వారానికో గ్లాసు నీళ్లు పోయండి, ఏ దేశంలోనైనా ఏ ఇంట్లోనైనా హాయిగా బతికేస్తుంది అని రాశారు. కర్నూల్లోనో హైదరాబాద్‌లోనో డాబా మీద పెంచుకునేవాళ్లకి ఈ సలహాతో పెద్ద నష్టమేమీ లేదు. కానీ మీ ఈ-పేపర్‌ని ఇంగ్లండ్‌లో, ఐర్లండ్‌లో, న్యూజెర్సీలో, టొరంటోలో కూర్చుని చదివేవాళ్లం కూడా బోలెడుమందిమి ఉన్నాం, ఆ వారానికో గ్లాసు లెక్క ఇక్కడ పాటిస్తే మొక్క సంక్రాంతి లోపే అడుగు నుంచి కుళ్లిపోతుంది. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగే, కత్తిరించుకోండి, కానీ చలికాలం నీళ్ల సంగతి మాత్రం కత్తిరించకండి.

నేనుండేది రెడింగ్‌లో, లండన్‌కి పడమర. ఇక్కడ మనవాళ్ల ఇళ్లకి ఏ వ్రతానికో పుట్టినరోజుకో వెళ్లినప్పుడు హాల్లో టీవీ పక్కన మూడడుగుల కాక్టస్ కనిపిస్తుంది, మళ్లీ ఉగాదికి వెళ్లేసరికి అక్కడ కుండీ ఖాళీ. అడిగితే ‘చలికి పోయిందండీ’ అంటారు. హాల్లో ఇరవై ఒక్క డిగ్రీల హీటింగ్ పెట్టుకుని, పైగా రేడియేటర్ పక్కనే మొక్కని నిలబెట్టి, చలికి పోయిందంటే ఎలా? అది పోయింది చీకట్లో తాగిన నీళ్లకి.

ఒక లెక్క చెప్తాను. లండన్‌లో ఏడాది మొత్తానికి పడే వాన సుమారు 600 మిల్లీమీటర్లు. మన అనంతపురంలో పడేదీ ఇంచుమించు అంతే, కొంచెం తక్కువ. హైదరాబాద్‌లో అంతకంటే ఎక్కువే పడుతుంది. కాబట్టి ‘ఇంగ్లండ్ అంటే వాన, వాన అంటే కాక్టస్‌కి పడదు’ అనేది సగం మాటే. అసలు తేడా వెలుతురులో ఉంది. డిసెంబరు మూడో వారంలో లండన్‌లో పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు, ఆ ఉన్న కాస్తా మబ్బు. అదే రోజు హైదరాబాద్‌లో పదకొండు గంటల పగలు, అదీ కళ్లు చెదిరే ఎండ. మనకి వాన వచ్చేది వేడిగా ఉన్న రోజుల్లో, వేళ్లు పనిచేస్తున్న రోజుల్లో. ఇక్కడ తడి వచ్చేది మొక్క నిద్రపోతున్న రోజుల్లో. నిద్రపోతున్న వేళ్లు నీళ్లు పీల్చవు, మట్టి వారాల తరబడి ఆరదు, బూజుకి అంతకంటే ఏం కావాలి?

పోనీ కుళ్లకుండా బతికిందే అనుకోండి, అప్పుడు ఇంకో అవలక్షణం వస్తుంది. గది వెచ్చగా ఉంది, నీళ్లు అందుతున్నాయి, వెలుతురు మాత్రం లేదు, మొక్క పిచ్చిగా పైకి సాగుతుంది. కింద మణికట్టంత లావుగా, ముదురాకుపచ్చగా, ముట్టుకుంటే గుచ్చుకునే ముళ్లతో ఉన్న మొక్కే, పైన ఒక జానెడు మేర సగానికి సగం సన్నబడి, లేత పసుపుపచ్చగా, పీచులాంటి మెత్తటి ముళ్లతో కనిపిస్తుంది. ఆ సన్నబడ్డ భాగం మళ్లీ లావెక్కదు. వచ్చే వేసవిలో దాని పైన కొత్త పెరుగుదల లావుగా వస్తుంది, బరువంతా ఆ మెడ మీద పడుతుంది, ఏదో ఒక రోజు గాలికో పిల్లల బంతికో అక్కడే విరుగుతుంది. ఇళ్లల్లో కాక్టస్‌కి కర్ర ఊతం కట్టి ఉందంటే నూటికి తొంభై పాళ్లు కథ ఇదే.

మరి చేయాల్సిందేమిటంటే, అక్టోబరు నుంచి మొక్కని చల్లగా, పొడిగా, వెలుతురులో వదిలేయడం. చల్లగా అంటే 5 నుంచి 10 డిగ్రీలు. హీటింగ్ లేని కన్జర్వేటరీ (ఇంటికి ఆనుకుని ఉండే గాజు గది), గాజు తలుపుల పోర్చ్, లేదంటే ఎవరూ పడుకోని గదిలో రేడియేటర్ కట్టేసి దక్షిణం కిటికీ దగ్గర. (చలికాలంలో ఇక్కడ సూర్యుడు దక్షిణం వైపే, అదీ నేలకి ఆనుకున్నట్టు తిరుగుతాడు, ఉత్తరం కిటికీ దగ్గర పెట్టినా పెట్టకపోయినా ఒకటే.) సెప్టెంబరులో నీళ్లు తగ్గించుకుంటూ వచ్చి అక్టోబరులో ఆపేయాలి. నవంబరు నుంచి మార్చి వరకు చుక్క నీళ్లు పోయకూడదు. చుక్క అంటే చుక్కే.

ఇది విని చాలామందికి మనసొప్పదు. ఫిబ్రవరి వచ్చేసరికి మొక్క చిక్కి, గాడులు లోపలికి ముడుచుకుని, ఎత్తు కూడా కాస్త తగ్గినట్టు కనిపిస్తుంది. ఊరి నుంచి వచ్చిన అమ్మ ‘పాపం, నోరెండిపోతోంది దానికి’ అని ఎవరూ చూడకుండా చెంబుడు పోసేస్తుంది. అమ్మలకి నా విన్నపం ఏమిటంటే, కాక్టస్ ఒంటి మీద ఆ గాడులున్నదే అందుకు, హార్మోనియం తిత్తి మూసి తెరిచినట్టు నీళ్లున్నప్పుడు ఉబ్బుతుంది, లేనప్పుడు ముడుచుకుంటుంది, కండ చీలకుండా. పైగా ఆ చిక్కడం వల్లే చలిని తట్టుకుంటుంది. లోపల నీరు తగ్గి రసం చిక్కబడితే అంత తేలిగ్గా గడ్డకట్టదు. నిండా నీళ్లు తాగి ఉన్న కాక్టస్‌ని ఒక్క మంచు రాత్రి బయట వదిలితే, తెల్లారేసరికి గాజులా మారి నీరు కారుతుంది. పొడిగా ఉన్న అదే రకం మొక్కకి ఆ రాత్రి ఏమీ కాకపోవచ్చు.

అపార్ట్‌మెంట్‌లో చల్లటి గది ఎక్కడి నుంచి తేవాలి అంటారా, నిజమే, అదో టెన్షన్. అలాంటప్పుడు రెండోదారి, మొక్క మీద రోజుకి పన్నెండు గంటలు దగ్గరగా గట్టి ఎల్‌ఈడీ గ్రో లైటు (మొక్కల కోసమే చేసిన దీపం) పెట్టి, నెలకోసారి చాలా కొద్దిగా నీళ్లు. ఇది మొదటి పద్ధతంత బాగుండదు గానీ మెడ సన్నబడకుండా గట్టెక్కుతుంది.

ఇంకో ముఖ్యమైన మాట, మీ పేజీలో అన్ని రకాలనీ ఒకే గాటన కట్టేశారు. నిలువు కాక్టస్‌లన్నీ ఒకటి కావు. బొలీవియా కొండల్లో పుట్టిన క్లీస్టోకాక్టస్ స్ట్రాసీ, అంటే సిల్వర్ టార్చ్ పేరుతో దొరికేది, ఒళ్లంతా తెల్లటి సన్న ముళ్లు కప్పుకుని ఉంటుంది. పొడిగా ఉంచితే సున్నా కిందికి కాస్త దిగినా ఓర్చుకుంటుంది. కొండ జాతి కాబట్టి చల్లటి రాత్రులంటే దానికి ఇష్టం, నన్నడిగితే విజయవాడ ఉక్కపోతలో కంటే ఇంగ్లండ్ వేసవిలోనే సుఖంగా ఉంటుంది. చలిదేశంలో మొదటిసారి పెంచేవాళ్లకి నేను చెప్పేది ఇదే. సీరియస్ రెపాండస్, పాతపేరు పెరువియానస్, మన నర్సరీల్లో కూడా ఎక్కువగా కనిపించే ఆకుపచ్చ స్తంభం, ఇది 5 డిగ్రీల పైన ఉంచితే మొండిగా బతుకుతుంది, పెరుగుదల కూడా వేగం. అదే ఇన్‌స్టాగ్రామ్‌లో అందరూ మోజుపడే నీలి రంగు కాక్టస్, పైలోసోసీరియస్, ఈశాన్య బ్రెజిల్‌ది. దానికి చలి అలవాటే లేదు. పన్నెండు, పదిహేను డిగ్రీల కిందికి పోతే ఒంటి మీద నల్లమచ్చలు పడతాయి, అవి ఇక పోవు. సిల్వర్ టార్చ్‌కి చెప్పిన సలహా దీనికి చెప్తే చంపినట్టే.

మీ పేజీలో మూడో ఫొటో చూశాను, చేతులెత్తి నిలబడ్డ అరిజోనా సగ్వారో. బాల్కనీకి అందమైన ఎంపిక అని కింద రాశారు. అది మొదటి ఎనిమిదేళ్లలో పెరిగేది ఒకటి, ఒకటిన్నర అంగుళం. ఆ ‘చేతులు’ రావడానికి మామూలుగా యాభై నుంచి డెబ్భై ఐదేళ్లు పడుతుంది. మనవలకి ఆస్తిగా రాసిచ్చే ఉద్దేశం ఉంటే తప్పకుండా వేసుకోవచ్చు.

ఇక కాక్టస్ అనుకుని కొనేవాటిలో సగం అసలు కాక్టస్‌లే కావు. ఇక్కడి ఫర్నిచర్ షాపుల్లో పొడుగ్గా నిలబెట్టి అమ్మేవాటిలో చాలా వరకు ఆఫ్రికా యుఫోర్బియాలు. గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. ముళ్లు మొలిచిన చోటు దగ్గరగా చూడండి, కాక్టస్ అయితే నూగుతో ఉన్న చిన్న గుండ్రటి మచ్చ ఒకటి ఉంటుంది, ముళ్లన్నీ ఆ మచ్చలోంచి గుత్తిగా వస్తాయి. యుఫోర్బియాకి ఆ నూగు మచ్చ ఉండదు, అంచు మీద ముళ్లు జంటగా ఉంటాయి, కొన్ని రకాలకి పక్కన చిన్న చిన్న ఆకులు కూడా ఉంటాయి. గీరితే పాలు కారతాయి, కానీ పరీక్ష కోసం గీరకండి, ఆ పాలు కంట్లో పడితే ఆస్పత్రికి పరిగెత్తాలి. మన పొలం గట్ల మీద కంచెకి వేసే జెముళ్లలో పాలు కారేవి ఈ కుటుంబమే. వీటిని 5 డిగ్రీల్లో ఎండబెడితే ఊరుకోవు, చలికాలంలో కూడా పన్నెండు డిగ్రీల పైన ఉంచి అప్పుడప్పుడు కొద్దిగా నీళ్లు ఇవ్వాలి. పైన బంతిలా గుండ్రటి ఎర్ర కాక్టస్ అంటుకట్టి అమ్మే చిన్న కాక్టస్‌లదీ ఇదే గొడవ, ఆ బంతిని మోసే మూడంచుల కాండం మన రైతులు ఇప్పుడు వేస్తున్న డ్రాగన్ ఫ్రూట్ జాతిది, దానికి చలి గిట్టదు.

వసంతం సంగతి. ఏప్రిల్ నడుమ నుంచి మళ్లీ నీళ్లు మొదలుపెట్టొచ్చు. మొదటిసారి తక్కువగా, తర్వాత పోసినప్పుడల్లా అడుగు నుంచి కారేలా నిండా పోసి, పూర్తిగా ఆరాకే మళ్లీ. వేసవిలో కాక్టస్ మనం అనుకున్నదానికంటే ఎక్కువే తాగుతుంది. గ్లాసుతో కొలిచి పోయడం అప్పుడు కూడా తప్పే, కాకపోతే ఈసారి తక్కువై. మా వైపు కుళాయి నీళ్లలో సున్నం బాగా ఎక్కువ, కెటిల్ అడుగు చూస్తే తెలుస్తుంది, అందుకని వాననీళ్లు డ్రమ్ములో పట్టుకుని అవే పోస్తాను. నెలకోసారి టమాటా మొక్కలకి వేసే ఎరువు, డబ్బా మీద రాసినదాంట్లో సగం.

మే నెలాఖరుకి మంచు భయం పోతుంది, అప్పుడు బయట పెట్టండి, కానీ నేరుగా ఎండలో పెట్టకండి. ‘ఎడారి మొక్క కదా’ అని నెలల తరబడి గాజు వెనకాల ఉన్నదాన్ని ఒక్కసారిగా జూన్ ఎండలో నిలబెడితే దక్షిణం వైపు చర్మం తెల్లగా కాలి, తర్వాత గోధుమరంగు పెచ్చు కడుతుంది. ఆ మచ్చ జీవితాంతం ఉంటుంది. రెండు వారాలు చెట్టు నీడలోనో నెట్ కిందో ఉంచి మెల్లగా జరపాలి. ఇక్కడ జూన్‌లో పగలు పదహారు గంటల పైమాటే, వేసవి మూడు నెలల్లోనే మొక్క ఏడాది పెరుగుదలంతా పెరిగేస్తుంది.

మట్టి గురించి మీరు ‘ఇసుక కలపండి’ అని ఒక్క ముక్కలో తేల్చారు. సన్నటి ఇసుక కలిపితే సిమెంటులా బిగుసుకుపోతుందండీ. కావలసింది గరుకు, అంటే మూడు నాలుగు మిల్లీమీటర్ల గులకరాయి, పెర్లైట్, ప్యూమిస్ లాంటి తేలికైన రాతి గుళికలు. ఇంగ్లండ్‌లో అయితే జాన్ ఇన్నెస్ నంబర్ 2 కంపోస్టు (కుండీల కోసం కలిపి అమ్మే మట్టి, 1930ల్లో జాన్ ఇన్నెస్ ఉద్యాన సంస్థ తయారుచేసిన పాళ్లు, ఇప్పటికీ అందరూ అదే వాడుతున్నారు) సగం, గరుకు సగం. ఇక్కడి కాక్టస్ మనుషులు పిల్లుల లిట్టర్ (పిల్లుల మలమూత్రాల కోసం ట్రేలో పోసే గుళికలు) కూడా కలుపుతారు, నవ్వకండి, కాల్చిన మట్టితో చేసిన రకం నీళ్లలో కరగదు. తడిస్తే ముద్ద కట్టే రకం మాత్రం వద్దు, అది బురదే.

షాపు నుంచి తెచ్చిన మొక్క వేళ్ల చుట్టూ పీచు ముద్ద ఒకటి ఉంటుంది, ఒకసారి ఎండిందంటే మళ్లీ నీళ్లు పీల్చదు. వసంతంలో దాన్ని చేతివేళ్లతో మెల్లగా విడదీసి కొత్త మట్టిలోకి మార్చండి. మార్చాక వారం దాకా నీళ్లు పోయకండి, తెగిన వేళ్లు మానాలి. ఎత్తయిన మొక్క కాబట్టి మట్టి కుండీ మంచిది, బరువుంటుంది, పడిపోదు, త్వరగా ఆరుతుంది. కుండీ మరీ పెద్దది వద్దు, వేళ్లకంటే రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువ ఉంటే చాలు. మొక్కని పట్టుకోవడానికి న్యూస్ పేపర్‌ని నాలుగైదు మడతలు పెట్టి పట్టీలా చుట్టి రెండు కొసలూ కలిపి పట్టుకోవాలి. దీనికి మాత్రం ఈ-పేపర్ పనికిరాదు, ఇండియా నుంచి వచ్చేవాళ్ల సూట్‌కేసులో ఆవకాయ సీసాకి చుట్టిన మీ పత్రికే దాచుకుంటాను.

సరే, కుళ్లు పట్టింది. ఇప్పుడేం చేయాలి? ముందు అది కుళ్లేనా అని చూడండి. వయసొచ్చిన కాక్టస్ అడుగు భాగం లేత గోధుమరంగులోకి మారి చెక్కబారుతుంది, గట్టిగా పొడిగా ఉంటుంది, అది మామూలే, దాన్ని చూసి కంగారుపడి కోసేసినవాళ్లున్నారు. వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోతే, పసుపు గోధుమల మధ్య రంగు తిరిగి వాసన వస్తుంటే అది కుళ్లు. అప్పుడిక ఆలోచించకూడదు. కత్తిని సర్జికల్ స్పిరిట్‌తో తుడిచి కుళ్లు పైన అడ్డంగా కోయండి. కోసిన ముఖం చూడండి, మధ్యలో ఒక వలయం కనిపిస్తుంది, ఆ వలయంలో ఒక్క నారింజ రంగు చుక్క ఉన్నా కుళ్లు ఇంకా పైకి వెళ్లిందని అర్థం. కత్తి మళ్లీ తుడిచి ఇంకో చక్రం కోయండి. శుభ్రంగా, తెల్లగా లేతాకుపచ్చగా వచ్చేదాకా ఇలాగే. తర్వాత అంచుల్ని పెన్సిల్ చెక్కినట్టు ఏటవాలుగా చెక్కాలి, లేకపోతే ఆరేటప్పుడు మధ్యభాగం లోపలికి గుంటపడి వేళ్లు రావడం ఇబ్బంది అవుతుంది. గంధకం పొడి ఉంటే అద్దండి. నీడలో, గాలి ఆడే చోట, ఖాళీ కుండీలో నిలబెట్టి రెండు నుంచి నాలుగు వారాలు వదిలేయండి. పడుకోబెట్టకండి, వంకర తిరుగుతుంది. చలికాలంలో కోయాల్సి వస్తే ఏప్రిల్ దాకా అలాగే పొడిగా ఉంచినా పరవాలేదు, వేళ్లు లేకుండానే నెలల తరబడి బతకగలదు. వేసవిలో పొడి గులకలో గుచ్చితే వేళ్లు వస్తాయి. సన్నబడ్డ మెడ ఉన్న మొక్కలకీ ఇదే వైద్యం, వసంతంలో మెడ దగ్గర కోసి లావు భాగాన్ని మళ్లీ నాటుకోవడమే. కింద మిగిలిన మొద్దుని పారేయకండి, పక్క నుంచి కొత్త మొలకలు వస్తాయి.

పురుగుల్లో పిండినల్లి ఒక్కదాన్ని కనిపెట్టుకుంటే చాలు, గాడుల మధ్య తెల్లటి దూది కనిపిస్తే స్పిరిట్‌లో ముంచిన బ్రష్‌తో తీసేయండి. కుండీ మార్చేటప్పుడు వేళ్ల మీద తెల్ల పొడి ఉంటే అదీ పిండినల్లే, వేళ్లు కడిగి కొత్త మట్టి వేయాలి.

కంప్యూటర్ పక్కన కాక్టస్ పెడితే రేడియేషన్ పీల్చేస్తుందని మీ పేజీలో బాక్స్ కట్టి మరీ వేశారు. పీల్చదు. మానిటర్ పక్కన చీకట్లో పెట్టిన ఆ కాక్టస్ పైన చెప్పినట్టు మెడ సన్నబడి వాలిపోతుంది, అంతే. వాస్తు ప్రకారం ముళ్ల మొక్క హాల్లో ఉండకూడదనే వాదన ఉంది కదా, నేను వాస్తు నమ్మను గానీ ఈ ఒక్క విషయంలో ఆ వాదనకి నా ఓటు, చలికాలం హాల్లోంచి బయటికి పోతే మొక్కకే మంచిది.

ఇండియా వెళ్లినప్పుడు కడియం నర్సరీల్లో చవగ్గా చూసి ఒక ముక్క బట్టల మధ్య పెట్టుకొచ్చే ఆలోచన కూడా మానుకోవాలి. కాక్టస్ కుటుంబం దాదాపు మొత్తం సైటిస్ ఒప్పందం (ముప్పున్న మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసేది) కింద ఉంది, దానికి తోడు మొక్కలకి తెగుళ్లు లేవనే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ లేకుండా బ్రిటన్‌లోకి తేకూడదు, ఎయిర్‌పోర్టులో లాగేసుకుంటారు. ఆ అవసరం కూడా లేదు. 1983లో ఏర్పడిన బ్రిటిష్ కాక్టస్ అండ్ సక్యులెంట్ సొసైటీకి చాలా ఊళ్లలో శాఖలున్నాయి, వాళ్ల అమ్మకాల రోజున పెద్దాయన ఎవరో పదేళ్లు పెంచిన మొక్కని గార్డెన్ సెంటర్ ధరలో సగానికి ఇస్తారు, పేరు సరిగ్గా రాసి మరీ. పూర్తిగా ఎదిగితే ఎలా ఉంటాయో చూడాలంటే లండన్‌లోని క్యూ గార్డెన్స్‌లో 1987లో తెరిచిన ప్రిన్సెస్ ఆఫ్ వేల్స్ కన్జర్వేటరీకి వెళ్లండి.

పువ్వుల కోసం ఓపిక ఉండాలి. సిల్వర్ టార్చ్ ఒకటిన్నర అడుగు దాటాక ముదురు ఎరుపు గొట్టాల్లాంటి పువ్వులు కాండానికి అడ్డంగా పొడుచుకొస్తాయి, విచ్చుకున్నట్టే ఉండవు, అవి అంతే. సీరియస్ పువ్వు తెల్లగా, అరచేయంత పెద్దగా రాత్రి విచ్చి తెల్లారేసరికి వాడిపోతుంది, కుండీలో పెంచితే చాలా ఏళ్లు పడుతుంది. చిన్న కాక్టస్ మీద రంగురంగుల గట్టి పువ్వు ఉండి, నెలలైనా వాడకపోతే అది గమ్‌తో అతికించిన ఎండుపువ్వు, కొనేముందు గోటితో కదిపి చూడండి.

ఎడిటర్ గారూ, తప్పులు ఎవరికైనా దొర్లుతాయి, ఆ పేజీ రాసినవారి మీద నాకు కోపం లేదు, మిగతా వారాల్లో మందారం, కరివేపాకు గురించి బాగా రాశారు. నేను కోరేది ఒక చిన్న సవరణ, విదేశాల్లో ఉన్నవాళ్లు అక్టోబరు నుంచి మార్చి దాకా నీళ్లు ఆపాలని. ఎప్పుడో వీలున్నప్పుడు కాకుండా ఈ రెండు మూడు వారాల్లోనే వేయండి. అక్టోబరు ఆఖరి ఆదివారం ఇక్కడ గడియారాలు వెనక్కి తిప్పుతాం, ఆ వారం నుంచే ఇళ్లల్లో హీటర్లు మొదలవుతాయి, ఆ తర్వాత వేస్తే ఈ ఏడాది మొక్కలకి ఉపయోగం ఉండదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రెడింగ్, ఇంగ్లండ్